ఉప్పింటి వేడి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఈ ఏడు శ్రీకాకుళంలో పగలడానికి ఎవరిళ్ళలోనూ రోళ్ళు మిగల్లేదు గానీ, మనుషులు మాత్రం బాగానే పగిలారు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటోవాళ్ళు సీట్ల మీద తడిగుడ్డలు పరుచుకుని పడుకున్నారు. నాగావళిలో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ మెరిసింది. నా కూతురి కూతురు నా దగ్గరే ఉండి కాలేజీకి వెళ్తుంది. అది పొద్దున లేస్తూనే ఫోన్ తీసి, "అమ్మమ్మా, ఇవాళ వేడి ఇంత ఉంటుందట, కానీ అంతలా అనిపిస్తుందట" అని నాకు వార్త చదివేది. నాకు ఎంతలా అనిపిస్తుందో ఆ ఫోన్‌కి చెప్పినవాళ్ళెవరో ఇప్పటికీ తెలుసుకోలేకపోయాను.

మృగశిర కూడా చినుకు లేకుండా పోయాక, అలాంటి ఒక మధ్యాహ్నం నౌపడ నుంచి మా తమ్ముడు సూరి ఫోన్ చేశాడు. మా వైపు కొన్ని ఇళ్ళలో అక్కని 'అప్ప' అంటారు. వాడూ నన్ను అలాగే పిలుస్తాడు.

"అప్పా, ఏటి సేస్తన్నావు?"

"ఏటి సేస్తాను, ఉడుకుతన్నాను."

"ఈయేడు ఏడి బాగున్నాది అప్పా. ఉప్పు మల్లిపువ్వులాగున్నాది. వొచ్చి ఓ మూట అట్టుకెల్లు."

పక్కన కూర్చున్న మనవరాలు పకపకా నవ్వింది. "వేడి బాగుండటమేంటి అమ్మమ్మా, తాతయ్యకి వడదెబ్బ తగిలిందా?" అంది. నేను నవ్వలేదు. మా నాన్న పోయాక ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఎండాకాలం మూడు నెలలూ ఆయన నోట రోజూ విన్న మాట అది. ఊరంతా తిట్టుకునే ఎండని పట్టుకుని, పెళ్ళికొడుకుని మెచ్చుకున్నట్టు, "ఏడి బాగున్నాది" అనేవాడు. మర్నాడు పొద్దున్నే సంచీలో రెండు చీరలు కుక్కుకుని రైలెక్కాను. ఈ వయసులో ఈ ఎండలో ప్రయాణమేంటని మనవరాలు గొణిగింది. అది పుట్టకముందు నుంచీ నాకు ఎండతో పరిచయముందని చెప్పి వచ్చేశాను.

మా నోళ్ళలో వేడి 'ఏడి' అవుతుంది. చదువుకున్నాక నేను వేడి అనడం నేర్చుకున్నాను. పత్రికలకి రాసేటప్పుడు శుభ్రంగా వకారం పెట్టే రాస్తాను. కానీ చిన్నప్పటి ఆ ఏడికీ ఇప్పటి ఈ వేడికీ మధ్య చుట్టరికం నాకు ఎక్కువగా కనిపించదు. ఇప్పుడు అందరిదీ ఒకటే వేడి, అందరికీ శత్రువే. మా ఇంట్లో అది మనిషికొక రకం.

నాన్న ఉప్పు మడులు చేసేవాడు. ఉప్పుటేరు నుంచి నీళ్ళు మళ్ళించి, మడుల్లో నిలగట్టి, ఎండకి వదిలేసి, అడుగున పేరిన ఉప్పుని పొడుగాటి కర్రకి బిగించిన పలకతో గీకి, గట్టు మీద రాశి పోయడం ఆయన పని. అది తన పని అని మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "పని సేసేది ఏడే, సిట్టీ. నాను గీకుతాను, అంతే" అనేవాడు నాతో. పొద్దెక్కాక గట్టు మీద ఉత్తకాలు ఆనించి, కాసేపు అలాగే ఉంచి, "అందుకున్నాది" అనేవాడు. అంటే మడిలోకి ఏడి దిగిందని అర్థం. పడమటి గాలి వీచిన రోజు ఆయన మొహం విప్పారేది. ఆ గాలికి మడి మీద ఉప్పు పాల మీద మీగడ కట్టినట్టు కట్టేది. ఒక మబ్బుతునక సూర్యుడికి అడ్డం వచ్చిందంటే, "ఏడి సచ్చిపోనాది" అని, ఊళ్ళో ఎవరో పోయినట్టే చెప్పేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆయన చొక్కా వీపు మీద తెల్లటి గీతలుండేవి. ఆ చొక్కా వాసన, తడి తాటాకు వాసన, ఆయన చుట్ట వాసన కలిసి మా వసారా వాసన. కళ్ళకి గంతలు కట్టినా ఆ వాసన పట్టుకుని మా ఇల్లు చేరగలిగేదాన్ని.

మా నాయనమ్మ ఏడి వేరు. ఆమెది ఒంట్లో ఉండేది. కంటికి పుసి పడితే ఏడి, నోరు పూస్తే ఏడి, చంకలో గడ్డ లేస్తే ఏడి, పిల్లవాడు మంకుపట్టు పడితే అదీ ఏడే. పనసతొనలు ఏడి, జీడిపళ్ళు ఏడి, ఎండు నెత్తళ్ళ చేపలు ఏడి. తాటిముంజలు చలవ, సోడి అంబలి, అంటే రాగి అంబలి, చలవ, నానబెట్టిన మెంతులు మహా చలవ. బయటి ఏడిని కొడుకు ఎంత ప్రేమించేవాడో, లోపలి ఏడిని ఈమె అంత వేటాడేది. పొద్దున్నే మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి నడినెత్తిన ఆముదం పెట్టి, అరచేత్తో టపటపా కొట్టేది. ఆ దెబ్బలకి ఏడి దిగేదో లేదో గానీ మా అల్లరి మాత్రం దిగేది. తిండిని విడదీసినట్టే మనుషుల్నీ విడదీసేది. ఫలానావాడు ఏడి మనిషి, వాడితో బేరం పొద్దున్నే చెయ్యాలి. ఫలానా ఆమె చలవ మనిషి, ఆమె చేత్తో పెట్టిన ఊరగాయ బూజు పడుతుంది. ఇక మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి, "అది మబ్బు" అనేది.

ఆ పేరుకి కారణముంది. మా అమ్మది టెక్కలి అవతల వరి పండించే ఊరు. ఉప్పు ఇంటికి వరి ఊరి పిల్లని తేవడం మా నాయనమ్మకి మొదటినుంచీ ఇష్టం లేదు. పైగా పెళ్ళి వైశాఖంలో జరిగితే, పెళ్ళికూతురు గడపలో కాలు పెట్టిన సాయంత్రమే అకాలంగా జల్లు పడి, గీకడానికి సిద్ధంగా ఉన్న మడులన్నీ నీళ్ళయ్యాయట. ఆ రోజు నుంచి ఎండాకాలంలో ఆకాశం కొంచెం నల్లబడితే నాయనమ్మ ముందు ఆకాశాన్ని చూసేది, తర్వాత వంటింట్లో ఉన్న మా అమ్మని చూసేది. మా ఇంట్లో ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. ఏటి ఆఖరి రాశి మీద తాటాకులు వేసేదాకా ఎవరూ 'వాన' అనకూడదు. అనాల్సి వస్తే 'ఆ సుట్టం' అనాలి. పేరు పెట్టి పిలిస్తే వచ్చేస్తాడని ఆమె భయం. చీమలు గుడ్లు మోసుకుంటూ బారులు కడితే చీపురు తీసుకుని వాటి వెంట పడేది. సూరి ఒకసారి సరదాకి కప్పలా అరిస్తే, వాడి మూతి మీద ఒకటి వేసింది.

అమ్మ ఈ కట్టుబాట్లన్నీ నోరెత్తకుండా పాటించేది. ఆమెకి ఏడి అంటే అన్నం. పగలంతా మాకు చద్దన్నమో అంబలో ఉండేది, సాయంత్రం ఒక్క పూటే వేడన్నం. పెరటి గుమ్మంలోంచి చూస్తే మడుల గట్లు దూరంగా కనిపించేవి. ఆ గట్టు మీద నాన్న తలపాగా కదిలిందంటేనే ఎసట్లో బియ్యం పోసేది. ఆయన వచ్చి, కాళ్ళకున్న ఉప్పు కడుక్కుని, పీట మీద కూర్చునేసరికి గంజి వార్చడం అయ్యేది. పొగ రాని అన్నం ఆయన ముందు పెట్టడం ఆమెకి నామోషీ. "ఏడిగున్నప్పుడే తిను మావా" అనేది. మా వైపు చాలామంది ఆడవాళ్ళు మొగుణ్ణి మావా అనే పిలుస్తారు. ఆ ఒక్క మాట తప్ప ఆమె ఆయనతో ఇంకో ముద్దుమాట అనగా నేను వినలేదు. అది చాలేదని నాన్న అనగానూ వినలేదు.

జ్యేష్ఠం వచ్చిందంటే మాత్రం అమ్మకి మనసు ఒకచోట నిలిచేది కాదు. ఆకాశం ఒకటే, దాని కింద ఆమెకి ఇళ్ళు రెండు. ఇక్కడ మొగుడు ఇంకో నాలుగు రోజులు ఎండ కాయాలని చూస్తుంటాడు. అక్కడ తండ్రి ఒక్క దుక్కి తడి కోసం చూస్తుంటాడు. మా తాతకి ఉన్నది కొంచెం భూమి, అదీ వర్షాధారం. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరి కోరికా న్యాయమే. ఇద్దరి కోరికా ఒకేసారి తీరదు. ఆ నెలంతా అమ్మ దేవుడి ముందు దీపం పెట్టి దణ్ణం పెట్టేది గానీ, ఏం అడగాలో తెలియక ఊరికే నిలబడేది. నాకిది పెద్దయ్యాక ఆమే చెప్పింది.

నాకు ఊహ బాగా తెలిసిన ఒక ఏడు, ఆ సుట్టం రావాల్సినప్పటికి రాలేదు. మృగశిర పోయింది, ఆరుద్ర వచ్చింది, ఆకాశంలో దూదిపింజ కూడా లేదు. మా నాన్నకి ఆ ఏడు పండగ. ఎవరూ ఎరగనంత ఆలస్యంగా మడులు గీకుతున్నాడు, గట్టు మీద రాశి మా ఇంటి చూరు అంత ఎత్తు లేచింది. ఆ రాశితో ఇంటికప్పు మార్చాలి, నాయనమ్మ కంటికి చూపించాలి, నన్ను టెక్కలి హైస్కూల్లో వెయ్యాలి. మర్నాడు లారీ వస్తుందని కబురందింది. లారీకి ముందురోజు తెల్లవారుజామునే నాన్న, అమ్మ కలిసి రాశి మీది తాటాకులన్నీ తీసేశారు, పైన చెమ్మ ఆరాక గోనెలకెత్తుదామని. అమ్మ ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మా మావయ్య సైకిల్ మీద వచ్చాడు.

మావయ్య మంచినీళ్ళు కూడా తాగలేదు. తువ్వాలులోంచి ఒక నారుకట్ట తీసి అమ్మ ముందు పెట్టాడు. చెరువు అడుగున మిగిలిన నీళ్ళతో తాత ఆకుమడి పోశాడు, వాన వస్తుందన్న నమ్మకంతో. ఆ నారు చివర్లు ఎర్రబడి, ముట్టుకుంటే గరగరలాడుతున్నాయి. నెర్రెలిచ్చిన మడిలోంచి పీకితే వేళ్ళతో సహా వచ్చిందన్నాడు. "నాయిన నిన్న కూడు తిన్లేదే. ఇయ్యాల కప్పతల్లి కడతన్నారు. నీకు సెప్పొద్దన్నాడు గాని, సెప్పకుండా ఉండలేక వొచ్చినాను" అన్నాడు.

కప్పతల్లి అంటే తెలియని పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాన రాకపోతే ఒక కప్పని పట్టి, వేపమండలతో కలిపి రోకలికి కట్టి, ఇద్దరు ఆ రోకలిని భుజాల మీద మోస్తూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి గుమ్మంలోనూ ఇల్లాలు వచ్చి కప్ప మీద చెంబెడు నీళ్ళు పోస్తుంది. మా తాత ఊళ్ళో ఇంకో పట్టింపు కూడా ఉంది. ఊరి ఆడపడుచులు, ఎక్కడికి ఇచ్చినా సరే, వచ్చి ముందు వాళ్ళు పొయ్యాలి. ఒక్కరు పొయ్యకపోయినా చెయ్యి తగ్గినట్టే. అమ్మ పెళ్ళయ్యాక ఎప్పుడూ ఆ నీళ్ళు పొయ్యడానికి వెళ్ళలేదు. ఆమె చెయ్యి ప్రతిసారీ తగ్గుతూనే ఉంది.

అమ్మ నారుకట్టని చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత లోపలికెళ్ళి చీర మార్చుకుని, గూట్లోంచి తన కంచు చెంబు తీసింది. నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఎక్కడికే?"

"మా ఊరు ఎల్తన్నాను అత్తా."

"రాసి మీద ఆకు లేదు. ఎరికేనా నీకు?"

"నానే గదా తీసినాను."

"ఎరిగుండీ ఎల్తావేటి? మొగుడి రాసి మీద నీల్లోసొస్తావేటి? ఎల్తే మరి ఈ గడప తొక్కకు."

అమ్మ నాయనమ్మ పక్కనుంచి ఒదిగి బయటికి వచ్చి, నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టి, తను వెనక ఎక్కింది. నాయనమ్మ అన్నమాట నిలబెట్టుకునే మనిషి. అమ్మ ఇక ఇంటికి రాదేమోనని నేను సైకిల్ కడ్డీ మీద ఏడుస్తూనే ఉన్నాను. మావయ్య చేత్తో నా తల నిమురుతూ తొక్కాడు.

తాత ఊళ్ళో మేం చేరేసరికి రోకలి బయల్దేరింది. మావయ్య కొడుకు రాముడు నా ఈడువాడు, కప్పని పట్టింది వాడే. ఎండిపోయిన చెరువులో కప్ప దొరకడమే గొప్ప అని ఊరంతా వాణ్ణి మెచ్చుకుంటోంది. అరుగు మీద తాత కూర్చుని ఉన్నాడు. అమ్మని చూడగానే లేచి ఎదురొచ్చాడు. సంతోషపడతాడనుకున్నాను. ఆయన అమ్మ చేతిలో చెంబు పట్టుకున్నాడు.

"నువ్వు పొయ్యొద్దమ్మా. మిగిలినోల్లు పోస్తారు. నీ కూడు ఏడిలో ఉన్నాది."

అమ్మ ఆ చెంబు మెల్లగా విడిపించుకుంది. "అన్నం లేకుండా ఉప్పేటి సేసుకుంటాను నాయినా?" అంది.

రోకలి గుమ్మం ముందుకి వచ్చింది. అమ్మ చెంబు ఎత్తి నిండా పోసింది. కప్ప కాళ్ళు తన్నుకుంది. వేపాకుల మీంచి నీళ్ళు కారి మట్టిలో పడి వెంటనే ఇంకిపోయాయి. ఆమె పెదాలు కదిలాయి. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినబడింది. "వానా, రా" అంది. అమ్మ నోట ఎండాకాలంలో ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. అన్నాక ఆమె మొహం తేటపడింది. చాలా ఏళ్ళుగా గొంతులో అడ్డంపడిన ముల్లు బయటపడ్డట్టు నిట్టూర్చింది.

నాకు తెలుసు, కప్ప అరిస్తే వాన రాదు. వచ్చే వాన కప్పతో పని లేకుండా వస్తుంది. ఆ రోజు పొద్దుటినుంచే గాలి ఆగిపోయి, ఒకటే ఉక్కగా ఉంది. ఇప్పుడైతే మనవరాలి ఫోన్ రెండు రోజుల ముందే చెప్పేసేది. ఆ రోజు చెప్పేవాళ్ళు లేరు. మధ్యాహ్నం అన్నాలయ్యేసరికి పడమట కొండల మీద నల్లగా లేచింది. ఊళ్ళో ఆడవాళ్ళు వీధిలోకి వచ్చి చేతులు చాపారు. తాత ఆకాశం వైపు చూడలేదు, కూతురి వైపు చూశాడు. "అన్నా, సైకిలు తియ్యి" అంది అమ్మ.

దారిలో అందుకుంది. మొదటి చినుకులు పెద్దవి, గోరువెచ్చగా ఉన్నాయి. రెండువైపులా పొలాల్లో జనం ఊరికే నిలబడి తడుస్తున్నారు. మావయ్యది పాపం విచిత్రమైన పరిస్థితి. సంతోషం ఆపుకోలేడు, చెల్లెలి ముందు చూపించలేడు. తల వంచుకుని, వంచిన మొహంలో నవ్వుతో, పెడల్ తొక్కుతూనే ఉన్నాడు. వెనక కూర్చున్న అమ్మకి కనబడకపోవచ్చు గానీ ముందు కూర్చున్న నాకు కనబడింది.

మడుల దగ్గర అమ్మ సైకిల్ ఆగకముందే దూకేసింది. గట్టు మీద నాన్న, నాయనమ్మ తాటాకులు లాగుతున్నారు. వేసిన ఆకు వేసినట్టే గాలికి లేచిపోతోంది. నాయనమ్మ ముడి ఊడిపోయి జుట్టు మొహాన పడింది. అమ్మ వెళ్ళి ఆ ఆకు ఇంకో కొస పట్టుకుంది. నాయనమ్మ ఆమెని చూసి, ఆకు గట్టిగా లాగింది. నేనూ ఒక ఆకు పట్టుకున్నాను. చేతులు కోసుకుపోయాయి, ఆ కోతల్లో ఉప్పునీళ్ళు పడి భగ్గుమన్నాయి. మా కళ్ళముందే రాశి చుట్టూ కుంగుతూ, కరుగుతూ, కాలవలోకి తెల్లగా పారిపోయింది. కాసేపటికి నాన్న పట్టుకున్న ఆకు వదిలేశాడు. ఎండకి కాగిన గట్టు మీంచి ఆవిర్లు లేస్తున్నాయి. ఆయన వంగి గట్టు మీద అరచెయ్యి ఆనించి, "ఏడి దిగిపోనాది. ఇంక పదండి" అన్నాడు.

ఇంటి దగ్గర అమ్మ గడప అవతలే ఆగింది. నాయనమ్మ లోపలికి వెళ్ళి, వెనక్కి తిరిగి, "తడిసిన బట్టల్తో అక్కడ నిలబడి రోగం తెచ్చుకుంటావేటి, రా" అంది. ఆ మాట వినగానే నేను అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి లాగాను. కానీ లోపలికి వచ్చాక ఊరుకుందనుకునేరు. దీపాలు పెట్టేవేళ దాకా తిట్టింది. పెళ్ళినాటి వాన దగ్గర్నుంచి ఆ రోజు వాన దాకా ఏదీ వదల్లేదు. అమ్మ తడికట్టెలతో పొయ్యి ఊది ఊది, కళ్ళు ఎర్రబడేలా ఊది, అన్నం వండింది. నాన్న పీట మీద కూర్చున్నాడు. ఆమె పొగలొచ్చే అన్నం వడ్డించి, ఎప్పుడూ అనే మాట అనలేకపోయింది. ఎదురుగా కూర్చుని, "మావా, నానూ పోసినాను. రాసి మీద ఆకు లేదని ఎరిగే పోసినాను" అంది.

నాన్న అన్నంలోకి చూస్తూ ఉన్నాడు. నాయనమ్మ కూడా తిట్టడం ఆపింది. నాన్న కోపిష్టి, ఆయన ఏడి మీదున్నప్పుడు వసారాలోకి కుక్క కూడా వచ్చేది కాదు. ఆ ఎదురుచూపు నాకిప్పటికీ ఒంట్లో ఉంది.

"మీ నాయిన ఆకుమడి తడిసినాదా?" అన్నాడు.

"తడిసుంటాది."

"ఉంటాదేటి, తడిసినాదా లేదా?"

"తడిసినాది మావా. దారంతా కురిసినాది."

ఆయన తల ఊపి ముద్ద కలిపాడు. రెండు ముద్దలు తిన్నాక, తల ఎత్తకుండానే, "వొచ్చే ఏడు నాకో మాట సెప్పి పొయ్యి. ముందు ఆకులేసుకుంటాను" అన్నాడు.

అమ్మ అప్పుడు ఏడ్చింది. రాశి కరుగుతున్నప్పుడు కూడా ఏడవని మనిషి. రాత్రికి ఆమెకి ఒళ్ళు కాలిపోయింది. తెల్లారి లేచి చూస్తే నాయనమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని, ఆముదం పెట్టి అరచేత్తో అద్దుతోంది. మాకు కొట్టినట్టు కొట్టడం లేదు. "మబ్బుకి ఏడి సేసినాది సూడే" అంది నాతో. ఆ ఏడు ఇంటికప్పు మారలేదు. నేను టెక్కలి హైస్కూలుకి ఒక ఏడాది ఆలస్యంగా వెళ్ళాను. అందుకు నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ ఏడాదే నేను మా ఇంట్లో కూర్చుని మనుషుల్ని చూడటం నేర్చుకున్నాను. రచయితగా నా చదువు అక్కడే మొదలైందని ధైర్యంగా చెప్పగలను.

ఆ తర్వాత నుంచి రెండు ఇళ్ళ మధ్య ఒక ఏర్పాటు నడిచింది. వానలు ఆలస్యమైన ఏడు, నాన్న రాశి మీద ఆకులు వేసి తాత ఊరికి కబురు పంపేవాడు. ఆ కబురు అందాకే అక్కడ రోకలి బయటికి తీసేవారు. ఊరంతా ఒక ఉప్పు రాశి కోసం ఆగేది. వానకి ఈ ఒప్పందం తెలియదు, అది తనకి తోచినప్పుడే వచ్చేది. అయినా అమ్మ రెండు వైపులా కళ్ళెత్తి చూడగలిగింది. ఒక ఏడు నాన్నకి ఆశ పుట్టి, ఇంకొక్కసారి గీకుతాను, వాళ్ళని ఆగమను అన్నాడు. అమ్మ సరేనంది. ఆ సాయంత్రం ఆయన ముందు చల్లారిపోయిన అన్నం పెట్టింది. నాన్న రెండు ముద్దలు తిని, ఆమె మొహం చూసి, చెయ్యి కడుక్కుని, తాటాకులు వెయ్యడానికి వెళ్ళిపోయాడు.

ఇదంతా తలుచుకుంటూ నౌపడలో దిగాను. మడులు సగానికి తగ్గాయి. సూరి కొడుకు భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో చేరాడు, ఉప్పు వైపు చూడడు. నేను వాణ్ణి తప్పుపట్టను. ఆ ఎండ ఎవరికైనా కష్టమే, మా నాన్న పాదాలు ఎలా పగిలి ఉండేవో నాకు తెలుసు. ఇప్పుడు సూరి చెప్పేదాన్ని బట్టి ఆ సుట్టం చైత్రంలో కూడా పిలవకుండానే వచ్చి మడులు ముంచిపోతున్నాడు. ఎండ పెరిగింది గానీ దానికి వేళాపాళా లేకుండా పోయింది. మా టౌన్లో ఒక ఇంటి ఏసీ తన వేడిని పక్కింటి కిటికీలోకి ఊదుతుంది, పక్కింటివాళ్ళు ఇంకో ఏసీ పెట్టి ఆ పక్కింట్లోకి ఊదుతారు. ఎవరికీ అక్కర్లేని దాన్ని అందరూ పక్కవాళ్ళకి తోసేస్తున్నారు. మా ఇంట్లో అది నాన్నకి కావలసింది, తాతకి వద్దనిపించింది. ఇంతకంటే పెద్ద తగువు లేదు, అయినా ఆ తగువు ఒక అన్నం పళ్ళెం దగ్గర తెగింది. అప్పటి కాలం మంచిదని నేను అనను. కానీ చాలు అనడం తెలిసినవాళ్ళు అప్పుడు మా ఇంట్లో ఉన్నారు.

సూరి రాశి మీద ప్లాస్టిక్ పట్టా పరుస్తున్నాడు. పట్టా కింద మాత్రం తాటాకులున్నాయి. పట్టా ఉండగా ఆకులెందుకురా అంటే, "నాన్న ఊరుకోడు" అన్నాడు. పని అయ్యాక గట్టు మీద కూర్చుని ఫోన్ తీశాడు. మావయ్య కొడుకు రాముడికి చేశాడు. ఒకప్పుడు కప్పని పట్టిన రాముడికి ఇప్పుడు నాలాగే తల నెరిసింది, పొలంలో బోరు కూడా ఉంది. అయినా కబురు కోసం చూస్తాడట.

"బావా, ఆకులేసేసినాను. ఇంక మీరు రోకలి తీసుకోండి."

అవతల రాముడి గొంతు నాకూ వినబడింది. "సిట్టి వొచ్చినాదట గదా. ఆడపడుసు కూతురూ ఆడపడుసే. మేనత్త సెంబు అట్టుకుని రమ్మను."

ఆ చెంబు సూరి ఇంట్లో గూట్లోనే ఉంది. వచ్చీరాగానే చూశాను, ఊరికే ముట్టుకుని పెట్టేశాను. నేను సూరి మొహం చూశాను. వాడికి ఇంకో రెండు మడులు గీకడానికి సిద్ధంగా ఉన్నాయని పొద్దున్నే చెప్పాడు. వాడు వంగి, నాన్న ఆనించినట్టే గట్టు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచాడు.

"ఎల్లు అప్పా" అన్నాడు. "ఈ యేటికి నా ఏడి సాలు."